మార్కులు ఓ మోస్తరు, బుర్ర చురుకు: మరి ఏ కాలేజీ మేలు?

మా మేనల్లుడికి ఇంటర్‌లో వెయ్యికి 640 వచ్చాయి. అందులో 280 సంస్కృతం, ఇంగ్లీషు పెట్టిన భిక్ష. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 600కి 360. ఈ అంకెలు చూసి వాణ్ణి మొద్దు అనుకునేవాళ్లు ఒకసారి రాజోలు వైపు వాళ్ల చెరువు గట్టు మీదికి రావాలి. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళకి ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కొట్టే చక్రాలు) తిరక్కపోతే పంట పోయినట్టే. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా తిరుగుతూనే ఉంటే మోటర్ కాలిపోతుంది. వీడు పాత కీప్యాడ్ ఫోన్ ఒకటి విప్పి, ప్యానెల్ బోర్డులో రిలేకి తగిలించి, ఫేజు పోగానే వాళ్ల నాన్నకి మిస్డ్ కాల్ వచ్చేలా చేశాడు. ఫిజిక్స్ రికార్డు మాత్రం ఆఖరి రోజున పక్కవాడిది చూసి రాశాడు.

"అన్నయ్యా, వీణ్ణి ఎక్కడ చేరుద్దాం?" అని మా చెల్లి ఫోన్ చేసింది. బావగారు అప్పటికే సీఎస్ఈ, అంటే కంప్యూటర్ ఇంజనీరింగ్ అని తీర్మానించేశారు.

ముందు ర్యాంకు సంగతి. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో 160 మార్కుల్ని 75కి కుదిస్తారు, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల 600ని 25కి. మావాడికి ఎంట్రన్స్‌లో 84 వచ్చాయి, అంటే 39 చిల్లర. ఇంటర్ వల్ల 15. మొత్తం 54 చిల్లర. వాడి పక్క బెంచీ కుర్రాడికి ఎంట్రన్స్‌లో 70 మార్కులే, కానీ ఇంటర్‌లో 600కి 570. వాడి మొత్తం 56 దాటింది. ఎంట్రన్స్‌లో 14 మార్కులు వెనకున్నవాడు ర్యాంకులో ముందుకెళ్లిపోయాడు. అన్యాయం అనను, రెండేళ్లు వాడు కూర్చుని రాశాడు. కానీ ఇంటర్‌లో ఆ కుర్రాడికన్నా తగ్గిన మార్కుల్ని ఎంట్రన్స్‌లో రాబట్టుకోవాలంటే దాదాపు 19 మార్కులు అదనంగా తెచ్చుకోవాలని ఏ ట్యూషన్ మాస్టారూ వీడికి చెప్పలేదు. ఇంటికి దగ్గరని బావగారు ఆశపడ్డ తాడేపల్లిగూడెం నిట్ తలుపు కూడా ఇంటర్ దగ్గరే మూసుకుపోయింది. అక్కడ జేఈఈ ర్యాంకు ఒక్కటే చాలదు, ఇంటర్‌లో 75 శాతమైనా ఉండాలి, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లోనైనా ఉండాలి.

మిగిలిన దారులు నాలుగు. ఒకటి, ఇంటి ముందుకే బస్సొచ్చే ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ. రెండు, పాత పేరున్న చోట అంతగా ఎగబడని బ్రాంచి: కాకినాడ జేఎన్‌టీయూ క్యాంపస్‌లో సివిలో, భీమవరంలో 1980 నుంచీ ఉన్న ఎస్ఆర్‌కేఆర్‌లో ఎలక్ట్రికల్ బ్రాంచి ఈఈఈనో. మూడు, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలోనో కాకినాడ పీఆర్ కాలేజీలోనో డిగ్రీ. నాలుగు, డబ్బు కట్టి మేనేజ్‌మెంట్ సీటు.

నాలుగోదాని మీద ఎక్కువసేపు కూర్చోలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ర్యాంకు మీద వచ్చే కన్వీనర్ కోటా సీట్లకే వర్తిస్తుంది. కొబ్బరి ధర బాగున్న ఏడాది చేసిన లెక్కలతో నాలుగేళ్ల ఫీజుకి మాటిస్తే తర్వాత అమ్మేది తోటే.

మొదటిదాన్ని చూడ్డానికి వాణ్ణి తీసుకుని నేనే వెళ్లాను. పేరు చెప్పను. రిసెప్షన్‌లో ఏసీ, గోడ నిండా ప్లేస్‌మెంట్ ఫొటోలు. ఎలక్ట్రికల్ ల్యాబ్ చూపించమంటే తాళం చెవి ఉన్నాయన సెలవన్నారు. కిటికీలోంచి చూస్తే మోటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు, వాటి మీద దుమ్ము. సీఎస్ఈకి మోటర్లెందుకు అంటారా? నిజమే. కానీ ఒక ల్యాబ్‌ని అలా ఉంచినవాళ్లు కంప్యూటర్ ల్యాబ్‌ని సాయంత్రం నాలుగు తర్వాత పిల్లలకి వదులుతారా? అడిగాను. "బస్సులు నాలుగుంపావుకే వెళ్లిపోతాయండి" అన్నారు. ఇంటి ముందుకొచ్చే బస్సు సుఖమే. సొంతంగా ఏదో ఒకటి చేసుకుంటే తప్ప ఊపిరాడని పిల్లాడికి అదే శత్రువు కూడా.

ఇంకోచోట, అది కూడా ప్రైవేటే, ల్యాబ్ అసిస్టెంట్ ఒకాయన డీసీ మోటర్ స్టార్టర్ విప్పి బల్ల మీద పరిచి ఉంచారు. మావాడు దగ్గరికెళ్లి "కాయిల్ పోయిందాండీ?" అన్నాడు. ఆయన తలెత్తి చూసి, టెస్టర్ చేతికిచ్చి, "నువ్వే చూడు" అన్నారు. అక్కణ్ణుంచి వాణ్ణి బయటికి తేవడానికి ముప్పావుగంట పట్టింది. కౌన్సెలింగ్‌కి ఆన్‌లైన్‌లో పెట్టే వెబ్ ఆప్షన్ల వరసలో సగం నాకు అక్కడే తేలిపోయింది.

బ్రాంచి పేరు చూడాలా, కాలేజీ చూడాలా అంటే అందరి పిల్లలకీ ఒకే జవాబు లేదు. బుద్ధిగా చదివి 80 శాతం తెచ్చుకునేవాడు ఎక్కడేసినా సీఎస్ఈ గట్టెక్కుతాడు. మావాడి రకానికి నచ్చని సబ్జెక్టు వస్తే పుస్తకం తెరవరు. కాకినాడ జేఎన్‌టీయూ పద్ధతిలో థియరీ పేపరుకి 30 మార్కులు ఇంటర్నల్స్, అంటే కాలేజీలోనే వేసేవి. హాజరు 75 శాతం ఉండాలి. మిడ్ పరీక్షలు, అసైన్‌మెంట్లు, రికార్డులు... ఇంటర్‌లో వీణ్ణి ముంచినవన్నీ మళ్లీ ఎదురొస్తాయి. కనీసం చేతికి నచ్చే పనైనా ఉంటే ఆ పూట కాలేజీకి వెళ్తాడు. అందుకే నా ఓటు ఈఈఈకి. సివిల్ విషయంలో జేఎన్‌టీయూ పేరుకి నేనూ కాస్త మొగ్గాను, ఒప్పుకుంటాను. వాడు మాత్రం "ఇసుక, సిమెంటు నాకెందుకు మావయ్యా" అని తేల్చేశాడు.

ఉద్యోగాల మాట బావగారిది, అదీ కొట్టిపారేసేది కాదు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు చాలావరకు పది, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం అడుగుతాయి, బ్రాంచి ఏదైనా సాఫ్ట్‌వేర్‌కి తీసుకునేవీ బోలెడు. మావాడి 64 శాతం ఆ గీత పైనే ఉంది. బ్యాక్‌లాగులు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) పడితే మాత్రం సీఎస్ఈ అయినా ఒకటే, ఈఈఈ అయినా ఒకటే.

డిగ్రీ మాటెత్తగానే మా చెల్లి మొహం వాడిపోయింది. బీఎస్సీ అంటే ఎక్కడా సీటు రానివాళ్లకని మనవైపు స్థిరపడిపోయింది. నిజానికి ఇంటర్ మార్కులు పాడైన తెలివైనవాళ్లకి ఇంత ధారాళంగా రెండో అవకాశమిచ్చే దారి ఇంకొకటి లేదు. ఫీజు తక్కువ. తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, నిట్‌లలో ఎంసీఏకి నిమ్‌సెట్. వీటిలో ర్యాంకు తేల్చేది ఆ పరీక్షే, ఇంటర్ మార్కులు కలపరు. లెక్కలంటేనో ఫిజిక్స్ అంటేనో ప్రాణమైన పిల్ల గానీ పిల్లాడు గానీ అయితే, నాసిరకం సీఎస్ఈ కన్నా ఇదే మేలంటాను. రాజమండ్రి కాలేజీ 1853లో మొదలైంది, పీఆర్ కాలేజీ 1884 నాటిది. ఆ పాతదనం చూసి చేరకూడదు, కావలసిన సబ్జెక్టులో లెక్చరర్ పోస్టులు నిండాయో లేదో కనుక్కుని చేరాలి. మావాడికి ఇది రెండో వరసే. మూడేళ్లు ఎవరూ వెంటపడకుండా చదువుకునే నిగ్రహం వాడికింకా రాలేదు.

కాలేజీలవాళ్లు నాణ్యత చూసి ఇచ్చే న్యాక్ గ్రేడు పెద్దక్షరాల్లో వేస్తారు. అది కాలేజీ మొత్తానిది. ఇంజనీరింగ్ కోర్సులకిచ్చే ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి బ్రాంచికీ విడిగా ఉంటుంది. మనం చేరబోయే బ్రాంచికి ఉందా అని అడిగితే చాలామంది జవాబు చెప్పేముందు ఫైలు వెతుకుతారు.

ఆప్షన్లు పెట్టడానికి రాత్రి భోజనాలయ్యాక కూర్చున్నాం. మన ర్యాంకుకి అందేవాటిలో పైన రాసిందే ఇస్తారు కాబట్టి, రాదేమో అన్నది మొదట పెట్టినా నష్టం లేదు. ఎస్ఆర్‌కేఆర్ ఈఈఈ ఒకటో నంబరు, టెస్టర్ చేతికిచ్చిన కాలేజీ రెండు. మూడో నంబరు దగ్గర బావగారు ఆగారు. "బస్సొచ్చే కాలేజీ సీఎస్ఈ ఇక్కడ పెట్టండి, మిగతావన్నీ మీ ఇష్టం" అంటారు. వాడేమో దాన్ని ఏడో నంబరుకి దించాడు. ఆప్షన్లు ఫ్రీజ్ (ఖరారు) చేయడానికి ఇంకా రెండు రోజులుంది.