ఐదు బిల్లులా, ముప్పై ఐదా, లెక్కలేనన్నా: ఏది మేలు?

"మా ఎమ్మెల్యే ఈసారి ఐదు బిల్లులు పెట్టాడు నాన్నా" అని అమెరికా నుంచి ఫోన్లో చెప్తే, మా నాన్న వెంటనే అడిగింది: "ఎన్ని శాంక్షన్ అయ్యాయి? డబ్బులు పడ్డాయా?" ఆయన అనుకున్నది సీసీ రోడ్డు కాంట్రాక్టు బిల్లులు. తప్పు ఆయనది కాదు. మన అసెంబ్లీల్లో చట్టం కోసం బిల్లు పెట్టేది మంత్రిగారే. మామూలు ఎమ్మెల్యే సొంతంగా ఒక చట్టం రాయించుకొచ్చి సభ ముందు పెట్టడం మనం చూసిందెక్కడ? పార్లమెంటులో కూడా ప్రైవేటు మెంబరు బిల్లు చట్టమై 1970 తర్వాత ఒక్కటీ లేదు.

అమెరికా రాష్ట్రాల్లో లెక్క వేరు. ఒక్కో సభ్యుడు ఎన్ని బిల్లులు పెట్టొచ్చన్నది కూడా రాష్ట్రానికో రకం. ఇక్కడ మంత్రులు సభలో కూర్చోరు. గవర్నరుకు (మన ముఖ్యమంత్రి లాంటివాడు) ఒక చట్టం కావాలన్నా మామూలుగా ఎవరో ఒక సభ్యుడి చేత పెట్టించుకోవాల్సిందే. అందుకే ఎన్నికలొస్తే మెయిల్‌బాక్సులో పడే కరపత్రాల మీద "60 బిల్లుల స్పాన్సర్", అంటే అన్ని బిల్లుల మీద పేరున్న సభ్యుడు, అని పెద్దక్షరాల్లో ఉంటుంది. అది చూసి మనవాళ్లు, అబ్బో, గట్టివాడే అనుకుంటారు. నేనూ అనుకున్నాను, ఆ మాటకొస్తే.

డెన్వర్ పక్కన ఉంటాను కాబట్టి ముందు కొలరాడో సంగతి. ఏటా జనవరిలో మొదలై 120 రోజులు సాగే సెషన్‌లో ఒక్కో సభ్యుడికి ఐదే బిల్లులు. బడ్జెట్ కేటాయింపుల బిల్లులు, సెషన్ల మధ్యలో పనిచేసే కమిటీలు తయారుచేసినవి ఈ కోటాలోకి రావు, ఆలస్యంగా ఇంకొకటి పెట్టాలంటే సభ నాయకుల అనుమతి కావాలి. అసలు విశేషం ఇంకొకటుంది. 1988లో ఓటర్లే రాజ్యాంగ సవరణ చేసి, కమిటీకి వచ్చిన ప్రతి బిల్లునూ విచారించి ఓటు వేయాల్సిందేనని పెట్టారు. అంతకుముందు ఛైర్మన్‌కు నచ్చకపోతే ఫైలు డ్రాయర్లో పెట్టి మర్చిపోయేవాడు.

ఒకసారి అలాంటి విచారణ జూమ్‌లో చూశాను. అద్దె ఇళ్ల మీద ఏదో బిల్లు. పేరు నమోదు చేసుకున్న ప్రతివాళ్లకూ రెండు మూడు నిమిషాలు. ఒకావిడ కిచెన్లో కుక్కర్ పక్కన నిలబడే మాట్లాడింది. చివర్లో ఓట్లు, బిల్లు పోయింది. ఇక్కడి భాషలో "పీఐ అయింది" అంటారు. పోస్ట్‌పోన్ ఇండెఫినిట్లీ అనే మాటకు పొట్టి రూపం. నిరవధిక వాయిదా అని పేరు, నిజానికి దహన సంస్కారమే. నాయకత్వానికి ఇష్టం లేని బిల్లుల్ని స్టేట్ అఫైర్స్ కమిటీకి పంపుతారని, అందుకే దానికి 'కిల్ కమిటీ' అని ముద్దుపేరు ఉందని తర్వాత తెలిసింది. చచ్చినా, ఎవరు చంపారో రికార్డులో ఉంటుంది. నాకు నచ్చింది అదే.

కాలిఫోర్నియాకు వస్తే, 2025-26 రెండేళ్ల సెషన్‌కు ఒక్కో సభ్యుడికి 35. అంతకుముందు అసెంబ్లీలో 50, సెనేట్‌లో 40 ఉండేవి, తగ్గించారు. అక్కడ ఇంకో తిరకాసు: బిల్లు పెట్టిన సభ్యుణ్ని 'ఆథర్' అంటారు, 'స్పాన్సర్' అంటే ఆ బిల్లును వెనకనుంచి తెప్పించిన బయటి సంస్థ. కాబట్టి ఆ రాష్ట్ర రాజధాని సాక్రమెంటోలో "స్పాన్సర్ ఎవరు?" అని అడిగితే, దీనివల్ల ఎవరికి పని జరుగుతుందని అడిగినట్టే. మన రాష్ట్రాల్లోనూ ఆ కాలమ్ ఒకటి ఉంటే బాగుండు అనిపిస్తుంది.

అయితే అక్కడి 'సస్పెన్స్ ఫైల్' మాత్రం నాకు మింగుడు పడదు. ఖర్చు కొంత పరిమితి దాటే బిల్లుల్ని ఖర్చులు చూసే అప్రోప్రియేషన్స్ కమిటీ పక్కన పెట్టి, ఒకరోజు వందల బిల్లుల ఫలితాలు గడగడా చదివేస్తుంది. వేలంపాటే నయం, కనీసం మూడుసార్లు అంటారు. చర్చ లేదు, కారణం చెప్పరు.

న్యూయార్క్ మరీ జాతర. రెండు సభల్లో కలిపి 213 మంది, రెండేళ్లలో పెట్టే బిల్లులు పదివేలు దాటతాయి. రెండు సభలూ దాటేవి ఏడాదికి ఎనిమిది తొమ్మిది వందలు. ఏది సభ ముందుకు రావాలో నాయకులు తేలుస్తారు, మిగతావి కమిటీలోనే పడుంటాయి. వందల బిల్లుల మీద పేరున్న సభ్యుడంటే అక్కడ ఆశ్చర్యపోవక్కర్లేదు.

కానీ ఈ జాతరకూ ఒక మంచి ఉంది. ఇప్పుడు పాస్ కాదని తెలిసినా, కోటా ఖర్చవుతుందన్న భయం లేకుండా ఏటా మళ్లీ మళ్లీ పెడుతూ ఉండొచ్చు. న్యూయార్క్ సిటీ బడులకు దీపావళి సెలవు అడిగి అడిగి ఏళ్లు గడిచాయి. చివరికి అసెంబ్లీలో జెనిఫర్ రాజ్‌కుమార్ పెట్టిన బిల్లు మీద 2023 నవంబరులో గవర్నర్ కాథీ హోకుల్ సంతకం పెట్టింది. ఐదే కోటా ఉన్నచోట, పక్కింటివాళ్ల పండగ కోసం ఒకటి ఖర్చుపెట్టమంటే ఎంతమంది ఒప్పుకుంటారో!

అంకెతో బరువు తేలదనడానికి కాలిఫోర్నియాలోనే ఉదాహరణ ఉంది. 2023లో, సెనేటర్‌గా మొదటి ఏడాదే, ఐషా వాహబ్ కుల వివక్షను పేరు పెట్టి నిషేధించే ఎస్‌బీ 403 పెట్టింది. రెండు సభలూ దాటింది, అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. చట్టం కాలేదు. అయినా మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఆ ఒక్క బిల్లు మీద జరిగినంత గొడవ మిగతా వాటన్నిటి మీదా కలిపి జరగలేదు.

ఓటరుగా నా ఓటు కొలరాడో పద్ధతికే. ఐదే ఉంటే దేనికి వాడాడో చూసి మనిషిని చదవొచ్చు. చిన్న వర్గానికి ఓపికతో సాధించుకోవాల్సిన పని ఉంటే మాత్రం న్యూయార్కే నయం. కాలిఫోర్నియా నుంచి ఆ స్పాన్సర్ పేరు ఒక్కటీ తెచ్చుకుంటే చాలు.

ఇంతకీ మా కరపత్రం మీది 60 సంగతి. శాసనసభ వెబ్‌సైట్లో ఆయన పేరు కొట్టి చూశాను. చాలావాటికి వేరేవాళ్ల బిల్లు మీద వెనక సంతకం మాత్రమే, ప్రైమ్ స్పాన్సర్‌గా, అంటే తనే ముందుండి పెట్టినవి కొన్నే. అందులో మా వీధివాళ్లంతా ఎదురుచూసిన బిల్లు పీఐ అయింది. కమిటీ రికార్డు తెరిచి వింటే, పీఐ చేయమని అడిగింది ఆయనే. బిల్లు నంబరు రాసి ఫ్రిజ్ మీద అతికించాను, ఓట్ల కోసం తలుపు తట్టినప్పుడు అడగాలి.