కెనడాలో హాకీ మోజు తగ్గిందా: పదిహేడో చలికాలంలో నా మాట

మేం టొరంటో పక్కనున్న బ్రాంప్టన్ వచ్చింది 2009 డిసెంబరులో. వచ్చిన మూడో నెల, ఫిబ్రవరి 28 ఆదివారం సాయంత్రం, ఉన్నట్టుండి వీధంతా కేకలు. కోటు కూడా వేసుకోకుండా మంచులోకి పరిగెత్తుకొచ్చి జనం ఒకళ్ళనొకళ్ళు కావలించుకుంటున్నారు. ఏమైందోనన్న భయంతో ఏడాదిన్నర పెద్దాణ్ణి చంకనేసుకుని గుమ్మంలోకి వెళ్ళాను. వాంకూవర్ ఒలింపిక్స్ హాకీ ఫైనల్లో, అదనపు సమయంలో సిడ్నీ క్రాస్బీ గోల్ కొట్టాడు, అమెరికా మీద 3-2తో గెలిచామని పక్కింటి సర్దార్జీ అంకుల్ చెప్పారు. మర్నాడు రాజమండ్రిలో నాన్నకు ఫోన్‌లో ఈ సంగతి చెబితే, "హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిందేగా తల్లీ?" అన్నారు. ఇక్కడ హాకీ అంటే ఐస్ హాకీయేనని, మన హాకీని వీళ్ళు ఫీల్డ్ హాకీ అంటారని చెప్పాను. "ఐస్ మీద కర్ర పట్టుకుని పరిగెడితే జారి పడరూ?" అన్నారు.

అప్పట్నుంచి ఈ ఆటతోనే ఉన్నాం. టీవీలో చూశాం, పిల్లలిద్దరితో ఆడించాం, డబ్బు కట్టాం, నిద్ర మానుకున్నాం. కొత్తగా వచ్చిన మనవాళ్ళు "హాకీ పని అయిపోయిందట కదా, ఇక్కడివాళ్ళే చూడట్లేదట కదా" అని అడుగుతుంటారు. ఇన్నేళ్ళు దగ్గర్నుంచి చూసిన మీదట నాకు అనిపించేది ఒకటే. పెద్ద మ్యాచ్ ఉన్న రోజు ఈ దేశానికి హాకీ అంటే 2010లో ఎంత ప్రాణమో ఇప్పుడూ అంతే ప్రాణం. మామూలు మంగళవారం రాత్రి హాకీ మాత్రం చాలా ఇళ్ళలోంచి వెళ్ళిపోయింది. ఎలా వెళ్ళిపోయిందో మా ఇంట్లోనే చూశాను.

మా వీధిలో మొదట్లో సాయంత్రమైతే పిల్లలు గోల్ నెట్‌లు రోడ్డు మీదికి లాక్కొచ్చి బంతితో హాకీ ఆడేవాళ్ళు. కారు వస్తే ఒకడు "కార్!" అని అరిచేవాడు, నెట్ పక్కకి లాగేవాళ్ళు, కారు వెళ్ళగానే మళ్ళీ ఆట. పెద్దాడు అలా చూసి చూసి ఆరేళ్ళప్పుడు "అమ్మా, నేనూ ఆడతా" అన్నాడు. 2014 శరదృతువులో, అందరు పిల్లలూ ఆడే స్థానిక హౌస్ లీగ్‌లో చేర్పించాం.

ఈ ఆట సామాను గురించి ముందు తెలిసుంటే బాగుండేదనిపిస్తుంది. స్కేట్లు, ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, మెడ పట్టీ, భుజాలకూ మోచేతులకూ మోకాళ్ళకూ ప్యాడ్లు, మందపాటి ప్యాంటు, గ్లోవ్స్, కర్ర. ఇవన్నీ పట్టే సంచీ పిల్లవాడి కంటే పెద్దది. శనివారం పొద్దున్న ఆరున్నరకి ఐస్ టైమ్ అంటే అయిదింటికే లేవాలి. చిన్నపిల్లల స్కేట్ లేసులు వాళ్ళు బిగించుకోలేరు. డ్రెస్సింగ్ రూమ్‌లో అమ్మానాన్నలందరూ నేల మీద మోకాళ్ళు వేసి బిగిస్తారు. లేసు వదులుగా ఉంటే చీలమండ మెలిక పడుతుంది, మరీ బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది. ఆ ఒడుపు నాకు తెలియడానికి ఒక సీజన్ పట్టింది. తర్వాత చల్లటి బెంచీల మీద, చేతిలో కాఫీ కప్పుతో, జాంబోనీ బండి ఐస్‌ను అద్దంలా చేసి వెళ్ళడం చూస్తూ కూర్చోవడం. ఈ దేశంలో నాకు మొదటి స్నేహితులు దొరికింది ఆ బెంచీల మీదే. పూర్వం ఊళ్ళో చెరువుగట్టు మీద ఆడవాళ్ళ మధ్య నడిచే మాటల్లాంటివే అక్కడా నడిచేవి: ఎవరి అత్తగారికి ఎలా ఉంది, ఎవరికి ఉద్యోగం పోయింది, ఎవరి పిల్లాడికి లెక్కలు రావట్లేదు. హాకీ నాకిచ్చిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఇదే.

ఇక డబ్బు. మొదటి ఏడు ఫీజు, సామాను కలిపి మాకు పదిహేను వందల డాలర్లు దాటింది. పిల్లల కాళ్ళు ఏడాదికో సైజు పెరుగుతాయి, స్కేట్లూ అంతే. వాడు బాగా ఆడుతున్నాడని మూడేళ్ళకు రెప్ జట్టులోకి, అంటే వేరే ఊళ్ళతో ఆడే ఎంపిక జట్టులోకి, తీసుకున్నారు. అప్పుడు అయిదారు వేలయింది. వారాంతాల్లో వేరే ఊళ్ళలో టోర్నమెంట్లు, హోటల్, పెట్రోలు. మావారు ఓవర్‌టైమ్ చేసేవారు. జట్టులో అందరూ మా కంటే ఉన్నవాళ్ళే. ఎండాకాలంలో ప్రైవేట్ కోచింగ్ ఇప్పించని ఇల్లు మాదొక్కటే. వాడు వెనకబడుతున్నాడని వాడికే తెలుస్తోంది, నాతో అనేవాడు కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే 2019 వేసవి వచ్చింది. మన బాస్కెట్‌బాల్ జట్టు టొరంటో రాప్టర్స్ గోల్డెన్ స్టేట్‌ను ఓడించి ఎన్‌బీఏ టైటిల్ గెలిచింది. అంతకుముందు ఫిలడెల్ఫియాతో ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఏడో మ్యాచ్ ఆఖరి క్షణంలో కవాయ్ లెనార్డ్ వేసిన బంతి రింగ్ మీద నాలుగుసార్లు ఎగిరి లోపల పడటం మా హాల్లో అందరం నిలబడి చూశాం. విజయోత్సవానికి మేమూ వెళ్ళాం. ఆ జనంలో తమిళం, పంజాబీ, తగలోగ్, మన తెలుగు అన్నీ వినిపించాయి. 1995 నుంచి ప్రతి సొంతగడ్డ మ్యాచ్‌కూ వెళ్తూ వచ్చిన సిక్కు అభిమాని నవ్ భాటియాను మా అత్తగారు టీవీలో గుర్తుపట్టేవారు. తమలాంటి మనిషి ముందు వరుసలో కూర్చున్న ఆటను జనం తమదనుకోరా మరి. బాస్కెట్‌బాల్‌కు ఒక బంతి, ఒక జత బూట్లు చాలు. పార్కులో హూప్ ఎప్పుడూ ఉంటుంది.

2020 మార్చిలో కోవిడ్‌కు ఐస్ రింకులు మూసేశారు. మళ్ళీ తెరిచినప్పుడు పెద్దాడు వెళ్ళనన్నాడు. పన్నెండేళ్ళవాడు నా పక్కన కూర్చుని, "అమ్మా, ఆ డబ్బు దాచు, నేను బాస్కెట్‌బాల్ ఆడతా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. వాడితోపాటు ఆడిన పదిహేను మందిలో ఇవాళ హాకీ ఆడుతున్నది నలుగురు. ఆట మానేసిన ఇంట్లో టీవీలో హాకీ కూడా మెల్లగా ఆగిపోతుంది. మా ఇంట్లో అదే జరిగింది. ఆడే పిల్లాడు ఉంటేనే మంగళవారం మ్యాచ్ పెడతారు.

టీవీలో చూడటమూ తేలిక కాదు. శనివారం రాత్రి మ్యాచ్ జాతీయ ఛానల్ సీబీసీలో 2025-26 సీజన్‌లోనూ ఉచితంగానే వచ్చింది, అది గొప్ప విషయం. మిగతావన్నీ చూడాలంటే రెండు మూడు చందాలు కట్టాలి. ఈ రాత్రి మ్యాచ్ ఎందులో వస్తుందో ముందు వెతుక్కోవాలి. అమ్మో, ఆ టెన్షన్ పడలేక హైలైట్స్ చూసి ఊరుకున్న రోజులెన్నో. మా పెద్దాడి తరానికి ఇక ఫోన్‌లో రెండు నిమిషాల గోల్సే హాకీ.

దీనికి తోడు నిరాశ. ఎన్‌హెచ్‌ఎల్ అనే అమెరికా, కెనడాల పెద్ద హాకీ లీగ్‌లో 32 జట్లుంటే కెనడావి ఏడు. 1993లో మాంట్రియల్ తర్వాత ఒక్క కెనడా జట్టూ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలవలేదు. మా టొరంటో మేపుల్ లీఫ్స్‌కైతే ఆఖరి కప్ 1967లో. 2013 మేలో బోస్టన్ మీద ఏడో మ్యాచ్‌లో 4-1 ఆధిక్యం పోగొట్టుకుని ఓడిన రాత్రి సర్దార్జీ అంకుల్ కళ్ళు తుడుచుకోవడం చూశాను. 2018, 2019, 2024లోనూ అదే బోస్టన్, అదే ఏడో మ్యాచ్. 2025లో ఫ్లోరిడా చేతిలో ఏడో మ్యాచ్‌లో 6-1. మావారు ఆ రాత్రి మధ్యలోనే టీవీ కట్టేశారు. అదే ఏడు శరదృతువులో టొరంటో బేస్‌బాల్ జట్టు బ్లూ జేస్ వరల్డ్ సిరీస్‌కు వెళ్ళింది. డాడ్జర్స్‌తో ఏడో ఆట పదకొండో ఇన్నింగ్స్‌దాకా సాగి ఓడిపోయాం, నవంబరు 1న. ఆ అక్టోబరంతా ఆఫీసులో మేపుల్ లీఫ్స్ మాట ఎత్తినవాళ్ళు లేరు. పాతికేళ్ళుగా ఇక్కడున్న సహోద్యోగి ఒకాయన అక్టోబరులో హాకీ మాట లేకపోవడం ఇదే మొదటిసారి చూడటం అన్నాడు. ఫుట్‌బాల్‌లో 1986 తర్వాత మళ్ళీ 2022లో కెనడా పురుషుల జట్టు వరల్డ్ కప్‌కు వెళ్ళింది. 2026 వరల్డ్ కప్ మ్యాచ్‌లు టొరంటోకు, వాంకూవర్‌కు దక్కాయి. అంటే పిల్లలకు ఎంచుకోవడానికి ఇప్పుడు చాలా ఉన్నాయి. అందుకు నేను బాధపడను.

నేను బాధపడింది వేరే వాటికి. డాన్ చెర్రీ అనే వ్యాఖ్యాత దాదాపు నలభై ఏళ్ళు శనివారం రాత్రి హాకీ మధ్యలో మాట్లాడేవాడు. 2019 నవంబరులో, వలస వచ్చినవాళ్ళు అమరవీరుల గుర్తుగా పెట్టుకునే పాపీ పువ్వు పెట్టుకోరని తప్పుపట్టాడు. ఆ వారమే ఉద్యోగం పోయింది. ఆ మాటలు వచ్చినప్పుడు పెద్దాడు నా పక్కనే ఉన్నాడు, వాడి కోటుకు పాపీ ఉంది. వాడు ఏమీ అనలేదు. 2022లో, దేశంలో ఆటను నడిపే సంస్థ హాకీ కెనడా సంగతి బయటపడింది. పిల్లల రిజిస్ట్రేషన్ ఫీజుల నుంచి కూడా సొమ్ము చేరే నిధిని లైంగిక దాడి ఆరోపణల పరిష్కారాలకు వాడారని తేలి, పార్లమెంటు కమిటీ నిలదీసింది. ఆ అక్టోబరులో సీఈవో, బోర్డు మొత్తం తప్పుకున్నారు. బెంచీల మీద అమ్మలం ఆ వారాల్లో పిల్లలకు ఏం చెప్పాలో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం.

ఇంత జరిగినా ఆట పోలేదు. 2025 ఫిబ్రవరిలో నాలుగు దేశాల టోర్నమెంట్ జరిగింది. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కెనడాను 51వ రాష్ట్రం చేస్తానంటున్న రోజులవి. మాంట్రియల్‌లో అమెరికా జాతీయ గీతానికి జనం గేలి చేశారు. ఫిబ్రవరి 20న బోస్టన్‌లో అమెరికాతో ఫైనల్. మా ఇంట్లో ఆ రాత్రి పద్దెనిమిది మంది తెలుగువాళ్ళం. ఉప్మా, పకోడీలు, టీ. అందులో సగం మందికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియదు. అదనపు సమయంలో కానర్ మెక్‌డేవిడ్ గోల్ కొట్టి 3-2తో గెలిపించగానే, ఇంకా పౌరసత్వం కూడా రాని కుర్రాళ్ళు కింద పడి దొర్లారు. వీధిలోంచి కేకలు వినిపించాయి. పదిహేనేళ్ళ కిందట వినిపించినట్టే. పెద్దాడు బయటికి పరిగెత్తాడు, కోటు లేకుండా.

ఒక వస్తువును జనం వదిలేశారా లేదా అన్నది వ్యాపారులకు బాగా తెలుస్తుంది. 2013లో టెలికాం కంపెనీ రోజర్స్ ఎన్‌హెచ్‌ఎల్ 12 ఏళ్ళ ప్రసార హక్కులకు 520 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. 2025లో మళ్ళీ 12 ఏళ్ళకు కుదిరిన ఒప్పందం 1,100 కోట్లు. చచ్చిపోతున్న ఆటకు ఎవరూ అంత పెట్టరు. 2008లో పంజాబీలో వ్యాఖ్యానం మొదలైంది. అంకుల్ వాళ్ళమ్మగారికి ఇంగ్లిష్ రాదు, హర్నారాయణ్ సింగ్ గొంతు వింటూనే హాకీ నేర్చుకున్నారు. ఆట కొత్తవాళ్ళ భాషలో మాట్లాడితే ఇంటి పెద్దావిడ కూడా అభిమాని అవుతుంది. తెలుగులో ఒక్క శనివారమైనా అలా వినాలని నా కోరిక.

మా ఇంట్లోకి హాకీ మళ్ళీ వచ్చింది చిన్నదానివల్ల. 2024 జనవరి 1న మహిళల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్ మొదలైంది. మొదటి మ్యాచ్ టొరంటోలోనే. న్యూయార్క్ చేతిలో టొరంటో 4-0తో ఓడింది, అయినా తొమ్మిదేళ్ళ పాప కళ్ళు టీవీ మీంచి తిప్పలేదు. ఆ ఏప్రిల్‌లో మాంట్రియల్ బెల్ సెంటర్‌లో టొరంటో, మాంట్రియల్ ఆడితే 21,105 మంది వచ్చారు. కెనడా క్రీడాకారిణి మరీ-ఫిలిప్ పూలాన్ 2010, 2014, 2022 ఒలింపిక్స్ ఫైనల్స్ మూడింట్లోనూ గెలుపు గోల్ కొట్టిందని పాప నాకు చెప్పింది. ఇన్నేళ్ళు హాకీ చూసి ఆ సంగతి తెలియనందుకు సిగ్గనిపించింది. ఆమె ఆటను నాకు ఎవరూ చూపించలేదు, నేనూ వెతుక్కోలేదు. ఆడపిల్లల మ్యాచ్‌కు టికెట్ ధర మేం నలుగురం వెళ్ళగలిగేలా ఉంది. మ్యాచ్ అయ్యాక రింకు గాజుగోడ దగ్గర ప్లేయర్లు పిల్లల చేతులు తాకుతూ వెళ్తారు. వాళ్ళు తాకిన తన గ్లోవ్‌ను పాప రెండు రోజులు తీయలేదు.

ఇప్పుడు తను అమ్మాయిల హౌస్ లీగ్‌లో ఆడుతోంది. ఈసారి మేం రెప్ జట్టు జోలికి వెళ్ళట్లేదు. కొత్తగా మొదలుపెట్టే తెలుగు తల్లిదండ్రులకు చెప్పేది కూడా ఇదే. ముందు సిటీ వాళ్ళ స్కేటింగ్ క్లాసులో వెయ్యండి, అది చవక. నాలుగైదేళ్ళప్పుడైతే పిల్లలు తొందరగా నేర్చుకుంటారు. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి, సీఎస్‌ఏ గుర్తు చూసి. మిగతా సామానంతా పాతది తీసుకున్నా పర్లేదు, ఎదిగే పిల్లలవి సగం కొత్తగానే ఉంటాయి. డబ్బుకి ఇబ్బందైతే, పిల్లల ఆటల ఖర్చులకు తోడ్పడే జంప్‌స్టార్ట్ లాంటి సంస్థల సాయం అడగడానికి మొహమాటపడకండి. మేం అడగలేదు, అడిగుంటే పెద్దాడు ఇంకో రెండేళ్ళు ఆడేవాడేమో. ఒక సంవత్సరం చూసి పిల్లలకు నచ్చకపోతే మానేయండి.

పోయిన నెల పెద్దాడు గరాజ్‌లోంచి పాత గోల్ నెట్ బయటికి తీసి, చిరిగిన చోట తాడుతో కట్టి, చెల్లితో వీధిలో ఆడాడు. ఎదురింటి ఫిలిప్పీన్స్ పిల్లలిద్దరూ, అంకుల్ మనవడూ చేరారు. మా వీధిలో "కార్!" అన్న కేక విని నాలుగేళ్ళయింది. పాపకు గురువారం ప్రాక్టీసు, ఆలోగా స్కేట్లు పదును పెట్టించాలి.