జనం వెంట నడిచిన నాటకశాల: క్లీవ్‌లాండ్ కరాము హౌస్

క్లీవ్‌లాండ్ పేరు చెప్పగానే మనవాళ్లలో చాలామందికి ఏటా అక్కడ జరిగే త్యాగరాజ ఆరాధనోత్సవాలే గుర్తుకు వస్తాయి. ఆ ఉత్సవాలకు వెళ్లేవారిలో, అదే నగరంలో ఈస్ట్ 89వ వీధి, క్విన్సీ అవెన్యూ కలిసే చోట ఉన్న కరాము హౌస్ గడప తొక్కేవారు ఎంతమంది ఉంటారో గాని, తొక్కవలసిన గడప అని మాత్రం నిస్సంకోచంగా చెప్పగలను. 1915లో మొదలైన ఈ సంస్థ, అమెరికాలో ఇప్పటికీ సొంతంగా నాటకాలు తయారుచేసి ఆడుతున్న నల్లజాతి నాటకశాలల్లో అన్నిటికన్నా పాతదిగా పేరు పొందింది. అయితే వయసును చూసి మెచ్చుకోవడానికి మ్యూజియంలు ఉన్నాయి. నాటకశాలగా దీన్ని అంచనా వేయాలంటే, చుట్టూ ఉన్న నగరంలో మనుషుల రంగూ రాబడీ మారిపోతూ వచ్చిన ఈ వందేళ్లలో ఇది ఎవరి కోసం, ఎవరిని వెంటబెట్టుకొని నాటకం ఆడింది అన్నదే చూడాలి.

దీన్ని ప్రారంభించినవారు ఓబర్లిన్ కళాశాలలో చదువుకున్న రసెల్ జెలిఫ్, రొవీనా జెలిఫ్ అనే శ్వేతజాతి దంపతులు. వారు నాటకాల కోసం క్లీవ్‌లాండ్ రాలేదు. చదువుకున్నవారు పేదపేటలోనే కాపురం పెట్టి, పిల్లలకు ఆటపాటలు, పెద్దలకు చదువు, చేతిపనులు నేర్పే సెటిల్‌మెంట్ హౌస్‌లు అప్పట్లో అమెరికా నగరాల్లో వెలుస్తుండేవి. ఈస్ట్ 38వ వీధి ప్రాంతంలో వారు తెరిచినది కూడా అటువంటిదే. కర్మాగారాల్లో పని వెతుక్కుంటూ దక్షిణాది రాష్ట్రాల నుంచి నల్లజాతి కుటుంబాలు ఉత్తరాది నగరాలకు తరలివస్తున్న కాలమది. 1910లో క్లీవ్‌లాండ్‌లో 8,448 మందిగా ఉన్న నల్లజాతివారు 1920 నాటికి 34,451 మంది అయ్యారు. యూరప్ నుంచి వచ్చిన వలసదారులు, ఈ కొత్తగా వచ్చినవారు ఇరుగుపొరుగుగా ఉన్న పేటలో అన్ని రంగుల పిల్లలనూ ఒకే ఆవరణలోకి రానివ్వడమే ఆనాటికి సాహసం. వారందరిచేత కలిపి ఒక నాటకం వేయించడం, అదీ 1917లో, ఇంకా పెద్ద సాహసం.

పెద్దల నాటక బృందం 1920లో ఏర్పడింది. న్యూయార్క్ రంగస్థలం మీద ప్రధాన పాత్ర ధరించి దేశమంతటా పేరు తెచ్చుకున్న నల్లజాతి నటుడు చార్ల్స్ గిల్పిన్ 1922లో వీరిని కలుసుకొని ప్రోత్సహించడంతో, బృందం ఆయన పేరే పెట్టుకొని గిల్పిన్ ప్లేయర్స్ అయింది. పగలు ఇళ్లలోనో కార్ఖానాల్లోనో పనిచేసి సాయంత్రం పాత్రలు వల్లెవేసుకున్న మనుషులే ఈ బృందం. క్లీవ్‌లాండ్‌లోనే సెంట్రల్ హైస్కూల్లో చదువుతూ జెలిఫ్ దంపతుల ఇంటి చుట్టూ తిరిగిన లాంగ్‌స్టన్ హ్యూజ్ తర్వాత మహాకవి అయ్యాడు; 1930లలో ఆయన రాసిన నాటకాలు కొన్ని ఈ బృందం ద్వారానే మొదటిసారి రంగమెక్కాయి. వీటికి చప్పట్లు మాత్రమే దక్కాయనుకుంటే పొరపాటు. పేదవాడ యాసలో మాట్లాడే పాత్రలను చూసి, ఇది మమ్మల్ని నలుగురిలో చులకన చేయడమేనని నల్లజాతి మధ్యతరగతి వారే కొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. నా దృష్టిలో కరాము చరిత్రలో అత్యంత విలువైన ఘట్టం ఇదే. పేట గురించి నాటకం వేస్తూ, ఆ పేటవారి అభ్యంతరాన్ని మొహం మీద వినవలసి వచ్చే చోట పనిచేయడం అన్ని నాటకశాలలకూ పట్టే అదృష్టం కాదు.

1939లో నాటకశాల కాలిపోయింది. పదేళ్లు సొంత గూడు లేకుండా గడిపి, 1949లో ఫెయిర్‌ఫాక్స్ పేటలో ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది. నగరంలోని నల్లజాతి జనాభా కూడా తూర్పు దిక్కుకు విస్తరిస్తున్న కాలం అది; ప్రేక్షకులు ఎటు నడుస్తున్నారో నాటకశాల కూడా అటే నడిచింది. ఆ కొత్త భవనంలో, పాత్రకు సరిపోతే చాలు, నటుడి రంగుతో పని లేదన్న పద్ధతిలో నల్లజాతి, శ్వేతజాతి నటులు కలిసి ఆడేవారు. నటులుగా దేశమంతటా పేరు తెచ్చుకున్న రూబీ డీ, ఐవన్ డిక్సన్, రాబర్ట్ గిలోమ్ వంటివారు ఈ గడప దాటి వెళ్లినవారే.

ఆ తర్వాత నగరమే కుంగిపోయింది. 1950లో 9,14,808 ఉన్న క్లీవ్‌లాండ్ జనాభా 2020 నాటికి 3,72,624కు పడిపోయింది. ఉక్కు, యంత్ర పరిశ్రమలు చితికిపోవడం, శ్వేతజాతి కుటుంబాలు శివారు ఊళ్లకు తరలిపోవడం, ఫెయిర్‌ఫాక్స్‌ను ఆనుకొని ఉన్న హఫ్ పేటలో 1966 జులైలో నల్లజాతివారు చేసిన తిరుగుబాటు, అందులో నలుగురి మరణం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. మరుసటి ఏడాదే ఇదే నగరం కార్ల్ స్టోక్స్‌ను మేయరుగా ఎన్నుకొని, ఒక పెద్ద అమెరికన్ నగరానికి తొలి నల్లజాతి మేయరును ఇచ్చిందన్నది వేరే కథ. 1970లకు వచ్చేసరికి కరాము, జాతుల కలయికను చూపించే నాటకశాలగా కాక, నల్లజాతి జీవితాన్ని, నల్లజాతి రచయితలను ముందుంచే నాటకశాలగా తనను తాను మలుచుకుంది. దీన్ని పాత ఆశయానికి ద్రోహమన్నవారు ఉన్నారు. చుట్టూ ఉన్న జనం మారిన తర్వాత వేదిక మీద మాత్రం పాత నగరాన్నే చూపిస్తూ కూర్చోవడం అంతకన్నా పెద్ద అబద్ధమయ్యేదని నేను భావిస్తాను.

కరాము ఎంచుకున్న దారి విలువ తెలియాలంటే పక్కనే ఉన్న మరో నాటకశాలను చూడాలి. క్లీవ్‌లాండ్ ప్లే హౌస్ కూడా 1915లోనే పుట్టింది. దశాబ్దాలపాటు యూక్లిడ్ అవెన్యూ మీద, కరాముకు సుమారు మైలు దూరంలో ఉండేది. వృత్తి నటులతో, పెద్ద ప్రాంగణంతో దేశంలో పేరున్న సంస్థ అది. ఆ ప్రాంగణాన్ని 2009లో క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆస్పత్రికి అమ్మి, 2011లో నగరం నడిబొడ్డున పాత నాటకశాలల సముదాయమైన ప్లేహౌస్ స్క్వేర్‌కు మారిపోయింది. దాన్ని తప్పుపట్టలేం. ఖర్చులు, ప్రేక్షకుల రాకపోకల సౌకర్యం చూసుకుంటే అది లెక్క తెలిసిన నిర్ణయం. కాని ఒకే ఏడు పుట్టిన ఇద్దరిలో ఒకరు పొలం అమ్ముకొని పట్నం చేరితే, రెండోవారు ఊళ్లోనే ఉండిపోయినప్పుడు, ఊరి మంచిచెడ్డలు అడగవలసింది రెండోవారినే.

ఇక నాటకశాల సంగతి. ప్రధాన వేదికకు జెలిఫ్ దంపతుల పేరే పెట్టారు. రెండు వందలకు మించని సీట్లు. 2017లో దాన్ని పునరుద్ధరించారు. రెండోదైన ఎరీనా ఇంకా చిన్నది. ఇంత చిన్న హాలులో నటుడి ఊపిరి కూడా సంభాషణలో భాగమవుతుంది; వెనక వరుసలో కూర్చున్నా కనుబొమ కదలిక కనబడుతుంది. పెద్ద సెట్లు, ఎగిరే తెరలు, వేదిక కింద నుంచి లేచివచ్చే యంత్రాలు కావాలనుకునేవారికి ఇది తగిన చోటు కాదు. అలాగే అనుభవమున్న వృత్తి నటులు, పేటలోనే పెరిగిన కొత్తవారు పక్కపక్కన నిలబడే సంప్రదాయం ఉన్న చోట నటనంతా ఒకే మట్టంలో ఉండాలని ఆశించకూడదు. ఒక దృశ్యం గుండెను పట్టుకుంటే మరో దృశ్యంలో గొంతు తేలిపోవచ్చు. నాకు ఇది భరించదగిన లోపమే. తప్పు లేని నటన చూడాలంటే నగరంలో వేరే చోట్లు ఉన్నాయి. ప్రేక్షకుడికీ పాత్రకూ ఒకే వీధి చిరునామా ఉండే చోటు మరొకటి దొరకడం కష్టం.

నేను నిజంగా ఆలోచనలో పడేది మరో విషయం గురించి. 2015లో పగ్గాలు చేపట్టిన టోనీ సయస్, అంతకుముందు నగర ప్రభుత్వ పాఠశాలల్లో కళావిద్యా విభాగాన్ని నడిపినవారు. ఆర్థికంగా కుదేలైన సంస్థను ఆయన హయాంలో మళ్లీ నిలబెట్టారన్నది కాదనలేని విషయం. కాని ఇప్పుడు ఫెయిర్‌ఫాక్స్‌లో వస్తున్న మార్పు వెనకటిలా జనం వెళ్లిపోవడం కాదు, డబ్బు వచ్చిచేరడం. ఆస్పత్రి విస్తరణ, కొత్త రహదారి, కొత్త అపార్ట్‌మెంట్లు పేట అంచులను మార్చేస్తున్నాయి. కొత్తగా వచ్చే డాక్టర్లు, పరిశోధకులు టికెట్ కొనగల ప్రేక్షకులు. అద్దె పెరిగితే ఇల్లు ఖాళీ చేయవలసినవారు ఈ నాటకశాలకు అసలు కారణమైన ప్రేక్షకులు. ఇద్దరినీ ఒకే హాలులో కూర్చోబెట్టడం 1917 నాటి పిల్లల నాటకం కన్నా సులువు కాదు. పేట పిల్లలకు నాటకం, నృత్యం, సంగీతం నేర్పే తరగతులను నాటకాలతో సమానంగా నిలబెట్టుకుంటేనే కరాముకు ఆ శక్తి ఉంటుంది. విరాళాలు ఇచ్చేవారు భవనం మీద చూపే ఉత్సాహాన్ని ఆ తరగతుల మీద కూడా చూపితే బాగుండును.

మొదటిసారి వెళ్లేవారు క్రిస్మస్ రోజుల్లో హ్యూజ్ రాసిన ‘బ్లాక్ నేటివిటీ’ ఆడుతుంటే దానితో మొదలుపెట్టవచ్చు. క్రీస్తు జననాన్ని, నల్లజాతి చర్చిల్లో పాడే గాస్పెల్ భక్తిపాటలతో చెప్పే ఈ నాటకం కథ తెలియనివారు ఉండరు గనక, భాష పట్టుబడకపోయినా పాట నడిపిస్తుంది. ప్రేక్షకులు గొంతు కలపడం, చప్పట్లతో తాళం వేయడం అక్కడ మర్యాదే. హరికథకు కూర్చున్నట్టు కూర్చుంటే చాలు. అలవాటయ్యాక మాత్రం పేరు వినని కొత్త రచయిత నాటకం ఎంచుకోండి. దానికి జాతీయ పత్రికల సమీక్షలు ఉండవు, నటీనటుల పేర్లు తెలియవు, బాగుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. కరాము అసలు పని అక్కడే జరుగుతుంది, టికెట్ డబ్బు అవసరం కూడా ఆ నాటకాలకే ఎక్కువ.