నెలకోసారి కలిసే మా ఈ-లెర్నింగ్ బృందం: 2018 నుంచి వెళ్తూనే ఉన్నాను

దగ్గర్లో ఉన్న ఈ-లెర్నింగ్ డెవలపర్లం, అంటే కంప్యూటర్లో చేసే కోర్సులు తయారుచేసేవాళ్లం, కొందరం నెలకోసారి కలుస్తాం. నేను 2018లో చేరాను. మొదటి ఏడాది చాలాసార్లు మానేద్దామనుకున్నాను. ఒకరు స్లైడ్లు వేసి చెప్పేవారు, మిగతావాళ్లం వినేవాళ్లం. బాగానే ఉండేది కానీ మర్నాడు పనిలో కూర్చుంటే ఒక్కటీ గుర్తొచ్చేది కాదు.

తర్వాత పద్ధతి మార్చారు. ప్రెజెంటేషన్లు లేవు. ఎవరి పని ఎక్కడ ఆగిందో ఆ సోర్స్ ఫైలు (కోర్సును తయారుచేసే అసలు ఫైలు) తెచ్చి అందరి ముందూ తెరవాలి. నన్ను ఇన్నేళ్లు నిలబెట్టింది ఇదే.

ఒకసారి నా కోర్సు మీద విచిత్రమైన ఫిర్యాదు వచ్చింది. మధ్యలో ఆపి మళ్లీ తెరిస్తే కొందరికి మొదటి స్లైడు నుంచే మొదలవుతోంది. అదీ సగం దాటినవాళ్లకే. రెండు వారాలు తల బద్దలు కొట్టుకున్నాను, నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఫైలు తీసుకెళ్తే ఒక పెద్దాయన కోర్సును నడిపిస్తూ, ఎల్ఎంఎస్‌కు (కోర్సులను నడిపి, ఎవరు ఎంతవరకు చేశారో నమోదు చేసే సాఫ్ట్‌వేర్) వెళ్తున్న సస్పెండ్ డేటాను, అంటే ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకునే సమాచారాన్ని, కాపీ చేసి అక్షరాలు లెక్కపెట్టించారు. కోర్సూ ఎల్ఎంఎస్సూ మాట్లాడుకునే ప్రమాణం స్కార్మ్. దాని 1.2 వెర్షన్‌లో ఈ డేటాకు 4,096 అక్షరాలే హద్దు. ప్రతి స్లైడులో ఏం నొక్కారో అన్నీ దాచుకుంటూ పోవడంతో సగం దాటేసరికి హద్దు మీరుతోంది. స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌లో 64,000 దాకా వీలుంది, కానీ ఆ క్లయింటు ఎల్ఎంఎస్ 1.2నే తీసుకునేది. అవసరం లేని స్లైడ్లు తిరిగి తెరిచినప్పుడు మళ్లీ మొదటి స్థితికి వచ్చేలా సెట్టింగ్ మార్చాం. డేటా తగ్గింది, సమస్య తీరింది. అరగంట పని.

ఇంకో నెల, చూపు లేని ఒకావిడ స్క్రీన్ రీడర్‌తో (తెర మీద ఉన్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్) నా క్విజ్ చేయబోయారు. "ఇమేజ్ 14, ఇమేజ్ 15" అని గొంతు చదువుకుంటూ పోతోంది. బొమ్మలో ఏముందో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ నేను రాయలేదు. లాగి వదిలే ప్రశ్న దగ్గర ఆవిడ ఆగిపోయారు, కీబోర్డుతో దాన్ని దాటే దారే లేదు. వైకల్యం ఉన్నవాళ్లూ వాడుకునేలా వెబ్ పేజీలు ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ నియమాల గురించి అంతకుముందు చదివాను, అందులో కీబోర్డుతో పనిచేయడం కనీస స్థాయి నియమమనీ తెలుసు. ఆవిడ వేళ్లు ట్యాబ్ కీ మీద మళ్లీ మళ్లీ పడటం చూశాకే అది నాకు ఎక్కింది. ఆ వారమే ఆ ప్రశ్నను డ్రాప్‌డౌన్‌గా, అంటే జాబితాలోంచి జవాబు ఎంచుకునేలా, మార్చాను.

పాత కోర్సులు నడిచే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ 2020 చివర్లో ఆగిపోయినప్పుడు వాటిలో ఏది బ్రౌజర్లో నేరుగా నడిచే హెచ్‌టీఎంఎల్5లోకి మార్చాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడంలోనూ వీళ్లే తోడున్నారు.

లోపాలూ ఉన్నాయి. ఏ టూల్ మంచిదన్న వాదన మొదలైతే ఆ పూట అంతే. తేలిన విషయాలను ఎవరూ రాసిపెట్టరు, అదే ప్రశ్న ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది స్టోరీబోర్డు (ఏ స్లైడులో ఏం ఉండాలో చెప్పే రాత) రాసేవాళ్లు రెండు మూడు నెలలు వచ్చి మానేయడం. మాటలన్నీ ట్రిగ్గర్లు, వేరియబుల్స్ లాంటి టూల్ సంగతుల చుట్టూ తిరుగుతాయి, నేర్చుకునేవాళ్లకు అసలు ఈ స్లైడు ఎందుకని అడిగేవారు తక్కువ. ఈ విషయం నేను బృందంలో చాలాసార్లు చెప్పాను, ఇంకా చెబుతాను.

క్లయింటు ఫైళ్లు బయట చూపించకూడదు కదా అని కొత్తవాళ్లు వెనకాడతారు. ఇబ్బంది పెడుతున్న రెండు మూడు స్లైడ్లను ఖాళీ ఫైలులోకి కాపీ చేసి, మాటలూ లోగోలూ తీసేసి తెస్తే సరిపోతుంది. ఎల్ఎంఎస్‌లో పెట్టడానికి పబ్లిష్ చేసిన జిప్ ఫైలు మాత్రం తేకండి, దాంట్లో లోపల ఏం జరుగుతోందో కనిపించదు.