ఓవల్ చైన్‌రింగ్ కొనేవారికి హెచ్చరిక: ‘110 కాంపాక్ట్’ అన్న మాట ఒక్కటే చూసి డబ్బు కట్టకండి

‘110 కాంపాక్ట్, అన్ని క్రాంకులకూ సరిపోతుంది’ అని రాసి ఉన్న ఓవల్ చైన్‌రింగ్ (పెడళ్ల దగ్గర ఉండే పళ్ల చక్రం, గుండ్రంగా కాక కోడిగుడ్డులా సాగి ఉంటుంది) కనిపిస్తే దయచేసి ఒక్క నిమిషం ఆగండి. రోడ్ బైక్ కోసం నేను రెండుసార్లు కొన్నాను, రెండుసార్లూ దెబ్బతిన్నాను. రెండోసారి తప్పులో సగం నాదే. అదీ చెబుతాను.

నా క్రాంకులో, అంటే పెడళ్లు బిగించే చేతుల జతలో, రింగును పట్టుకునే కొమ్మలు నాలుగు. వాటి మధ్య దూరాలు సమానంగా ఉండవు. సైకిలు భాగాల కంపెనీ షిమానో 2012లో డ్యూరా-ఏస్ 9000 అనే సెట్‌తో తెచ్చిన అమరిక ఇది. బోల్టులు కూర్చునే వృత్తం వ్యాసం 110 మిల్లీమీటర్లు. అంతకు ముందు నుంచీ ఉన్న ఐదు కొమ్మల కాంపాక్ట్ (చిన్న రింగులు పట్టే) క్రాంకుదీ 110 మిల్లీమీటర్లే. అంకె ఒకటే గానీ రంధ్రాలు కలవవు. నాకు వచ్చింది ఐదు రంధ్రాల రింగు. ఎటు తిప్పి పెట్టినా ఒక బోల్టు దూరితే దాని పక్కది కొమ్మకు అవతల గాలిలో తేలుతోంది. అమ్మినవారిని అడిగితే ‘110 అని స్పష్టంగా రాశాం కదండీ’ అన్నారు. రాశారు, కాదనను. ఎన్ని రంధ్రాలో మాత్రం రాయలేదు. వెనక్కి పంపే ఖర్చు నా నెత్తినే పడింది.

మీది ఐదు కొమ్మల క్రాంకు అయితే పక్కపక్క బోల్టుల నడిమి నుంచి నడిమికి కొలవండి. 64.7 మిల్లీమీటర్లు వస్తే 110, 76.4 వస్తే స్టాండర్డ్ 130. 130 అయితే 34 పళ్ల రింగు దానికి ఎక్కదు.

ఇక అసలు కథ. బుద్ధి రావలసింది పోయి, నాలుగు రంధ్రాల జత కోసం మరో దుకాణానికి వెళ్లాను. అప్పటికి నాది గుండ్రటి 50/34, అంటే పెద్ద రింగుకు 50 పళ్లు, చిన్నదానికి 34. ‘ఓవల్ తొక్కడానికి తేలిగ్గా ఉంటుంది, కాబట్టి ఒక సైజు పైది, 52/36 తీసుకోండి’ అన్నాడు దుకాణాదారు. 2012 టూర్ ద ఫ్రాన్స్‌ను బ్రిటిష్ రేసర్ బ్రాడ్లీ విగిన్స్ గుండ్రంగా లేని రింగులతోనే గెలిచాడని కూడా గుర్తుచేశాడు. నిజమే, గెలిచాడు. ఆయన సైకిలును సర్దడానికి జట్టు మెకానిక్కులు ఉన్నారన్న సంగతి ఆ క్షణాన మా ఇద్దరికీ తట్టలేదు. పైగా 52 నాకెందుకు? 50 పళ్ల రింగు, వెనక 11 పళ్లు కలిస్తే నిష్పత్తి 4.55, అంటే పెడల్ ఒక చుట్టుకు వెనక చక్రం 4.55 చుట్లు. పాత స్టాండర్డ్ క్రాంకుల 53 పళ్ల రింగుతో వెనక 12 వేసినా వచ్చేది 4.42. ఎత్తు ఎక్కడానికని కాంపాక్ట్ పెట్టుకున్నవాడిని, 34ను వదులుకుని 36 తెచ్చుకున్నాను. ఇదే నా తప్పు.

ఓవల్ రింగు కాలు బలంగా నొక్కే చోట పెద్దదిగా, పెడల్ పైనా కిందా ఉన్నప్పుడు చిన్నదిగా పనిచేస్తుంది. పది శాతం ఓవల్ అయితే 52 పళ్ల రింగు పొడవు వైపు సుమారు 54.5 పళ్ల రింగంత, పొట్టి వైపు 49.5 పళ్ల రింగంత ఉంటుంది. ముందు డిరైలర్ కేజ్ (చైనును ఒక రింగు నుంచి మరోదానికి నెట్టే పట్టీ) ఆ పొడవు వైపును తప్పించుకోవాలి కదా. లెక్క వేస్తే, గుండ్రటి 50కి ఉన్న చోటు నుంచి దాన్ని 9 మిల్లీమీటర్లు పైకి జరపాలి. నా ఫ్రేములో డిరైలర్ బిగించే చెవి ఫ్రేముకే అతికి ఉంటుంది. దాని గాడిలో మిగిలిన చోటు 5 మిల్లీమీటర్లు. ఓవల్ 50 అయితే అంచు మీద సరిపోయేది.

మెకానిక్ నన్ను అడగకుండానే ఆకురాయితో ఆ గాడిని రాచి పొడవు చేశాడు. సైకిలు తీసుకోవడానికి వెళ్లేసరికి చెవి పైఅంచున రంగు పోయి లోహం తెల్లగా మెరుస్తోంది. ఆ ఒక్క గీతతో ఫ్రేము వారంటీ పోయింది.

గేర్లు మారాయా అంటే, మారాయి, వాటికి ఇష్టమైనప్పుడు. పొడవు వైపు దాటుతున్నప్పుడు కేజ్‌కూ పళ్లకూ మధ్య 2 మిల్లీమీటర్ల సందు, పావు చుట్టు తిరిగేసరికి 12. మూడో రోజు ఎత్తు మొదట్లో పెద్ద రింగు నుంచి చిన్నదానికి మార్చాను. చైను చిన్న రింగును దాటి లోపలికి దూకింది. పెడల్ ఒక్కసారిగా వట్టిగా తిరిగిపోయి మోకాలు హ్యాండిల్‌కు తగిలింది. దిగి చూస్తే చైను రింగుకూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుని, కార్బన్ మీద గోరంత పొడవున నల్లటి గాడి పడి ఉంది. లోపలివైపు చైను పడకుండా ఆపే చిన్న క్యాచర్ ఒకటి దొరుకుతుంది. ఓవల్‌తో అది తప్పనిసరి అని ఎవరూ చెప్పలేదు.

తిరిగి ఇవ్వబోతే ‘పళ్ల మీద చైను గుర్తులు పడ్డాయి, తీసుకోలేం’ అన్నారు.

అందుకే రింగు బిగించగానే చైను ఎక్కించకండి. వట్టి క్రాంకును చేత్తో నెమ్మదిగా తిప్పి, పొడవు వైపు పళ్లు కేజ్ కింద ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల సందుతో దాటుతున్నాయో లేదో చూడండి. డిరైలర్‌ను గాడి చివరిదాకా జరిపినా తగులుతుంటే అక్కడే విప్పి డబ్బాలో పెట్టేయండి. అప్పటికి పళ్ల మీద ఒక్క గుర్తూ ఉండదు.