రెండోసారి మార్చిన మోకాలు: వాడి చూశాక

మొదటిసారి వేసిన కృత్రిమ మోకాలు 100 మందిలో 80 మందికి పైగా 25 ఏళ్లు వస్తుందని లెక్కలు చెబుతున్నాయి. నాకు ఆ అదృష్టం లేదు. ఇన్ఫెక్షన్ కాదు, ఇంప్లాంట్ ఎముక నుంచి వదులైపోయింది. కుర్చీలోంచి లేచి వేసే మొదటి అడుగులకే ప్రాణం విలవిల్లాడేది. మెట్లు దిగుతుంటే కాలు పక్కకు జారేది.

రివిజన్‌లో, అంటే పాత ఇంప్లాంట్ తీసి కొత్తది వేసే ఆపరేషన్‌లో, నాకు బాగా నచ్చింది ఒక్కటే, ఆ జారుడు పోయింది. పాతది తీసేసరికి ఎముకలో ఏర్పడ్డ గుంతను లోహపు కోన్‌తో నింపి, పట్టు కోసం ఎముక లోపలికి స్టెమ్ అనే పొడవాటి లోహపు కడ్డీ దింపారు. ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు సాగిపోయాయి కాబట్టి పక్కలకు ఊగనివ్వని రకం కీలు వేశారు. రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగుతున్నానని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకున్నాను.

కర్ర వదిలి కాస్త దూరం నడవడం మొదలుపెట్టాక కొత్త నొప్పి వచ్చింది. అదీ మోకాల్లో కాదు, జానెడు కింద, కాలి ఎముక మధ్యలో, వేలు పెట్టి చూపించగలిగే చోట. మళ్లీ వదులైందేమో, ఈసారి చీము పట్టిందేమో అని ఒకటే టెన్షన్. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ జాడ చూసే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేశారు, మోకాల్లోంచి నీరు తీసి పరీక్షకు పంపారు, పాత ఎక్స్‌రేలతో కొత్తవి పోల్చారు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి సర్జన్ ఫిల్మ్ మీద చూపించారు, స్టెమ్ మొన సరిగ్గా అక్కడే ఆగింది. లోహం వంగదు, దాని కింది ఎముక కొద్దిగా వంగుతుంది, బరువంతా ఆ మొన దగ్గర పడుతుంది. పొడవాటి స్టెమ్ వేసినవాళ్లలో ఇది కొత్తేమీ కాదట! మరి ఆపరేషన్‌కు ముందు రక్తం గడ్డకట్టడం దాకా అన్నీ చెప్పినవాళ్లు ఈ ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదో. తెలిసుంటే అన్ని రాత్రులు భయంతో గడిపేదాన్ని కాదు.

ఇప్పుడు తగ్గింది, పూర్తిగా పోలేదు. ఎక్కువ నడిచిన రోజు పలకరిస్తుంది. మెట్లు దిగడం బాగుందన్నాను గానీ, వంగడం మొదటి ఆపరేషన్ తర్వాత ఉన్నంత లేదు. 90 డిగ్రీలు దాటుతుంది, అంతే. తక్కువ ఎత్తు సీటు మీంచి లేవాలంటే చేతులు ఆనించాల్సిందే.

ఇదంతా రివిజన్ ఒక్క ఆపరేషన్‌తో అయిపోయిన నా సంగతి. ఇన్ఫెక్షన్ వల్ల పాతది తీయించుకుని, ఆ ఖాళీలో తాత్కాలికంగా పెట్టే యాంటీబయాటిక్ సిమెంట్ స్పేసర్‌తో వారాలు గడిపి, తర్వాత కొత్తది వేయించుకునేవాళ్ల కష్టం వేరు. నాలా వదులుతనం ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తే చేయించుకోవచ్చనే అంటాను. కారణం తేలకుండా ఉత్త నొప్పికే మళ్లీ కోయించుకున్నవాళ్లలో ఫలితాలు అంత బాగుండవని సర్జనే అన్నారు. అలాంటి పరిస్థితి వస్తే నేనైతే ఇంకొకరి అభిప్రాయం తీసుకుంటాను.