డప్పు దెబ్బకు ఏడు శబ్దాలు: రౌండ్ రాబిన్‌తో నాలుగేళ్లు

డప్పు మీద ఒకే దెబ్బను వరుసగా 16 సార్లు వేస్తే ఏ రెండూ ఒకేలా పలకవు. రికార్డు చేసిన శబ్దాలను మీట నొక్కితే మోగించే శాంప్లర్‌లో ఒకే రికార్డింగును 16 సార్లు మోగిస్తే మాత్రం అది కుట్టుమిషను చప్పుడులా వినిపిస్తుంది. దీనికి విరుగుడు రౌండ్ రాబిన్. అదే దెబ్బను పలుమార్లు రికార్డు చేసి పెట్టుకుంటే, మీట నొక్కిన ప్రతిసారీ శాంప్లర్ వాటిని వంతులవారీగా పలికిస్తుంది.

నేను దీన్ని ఎస్‌ఎఫ్‌జడ్ ఫైళ్లలో నాలుగేళ్లుగా వాడుతున్నాను. ఎస్‌ఎఫ్‌జడ్ అంటే ఏ మీటకు ఏ రికార్డింగు మోగించాలో శాంప్లర్‌కు చెప్పే మామూలు టెక్స్ట్ ఫైలే. ప్రతి శబ్దం దగ్గరా సీక్‌లెంగ్త్ అని మొత్తం వంతులెన్నో, సీక్‌పొజిషన్ అని దాని వంతు ఎన్నోదో రాస్తే చాలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి అంకె మార్చుకోగలగడం నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన గుణం. ఆ ఫైళ్లను మోగించే ప్లేయర్ మార్చినా నా పని వృథా కాలేదు.

మొదట ఒక్కో దెబ్బకు నాలుగు రికార్డింగులు పెట్టాను. నాలుగు రోజులు హాయిగానే ఉంది. తర్వాత చెవికి ఏదో తగులుతూ వచ్చింది. ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 16 దెబ్బలు పడే దరువులో నాలుగు వంతులు సరిగ్గా సరిపోతాయి కనుక, ప్రతి ఆవర్తనం మొదట్లో అదే శబ్దం వచ్చి కూర్చుంటోంది. ఏడు రికార్డింగులు చేశాక ఆ ఇబ్బంది తీరింది. 16ను ఏడుతో భాగిస్తే రెండు మిగులుతుంది కాబట్టి ప్రతి ఆవర్తనం మొదట్లో శబ్దం మారుతుంది, మళ్లీ మొదటి శబ్దానికి రావడానికి ఏడు ఆవర్తనాలు పడుతుంది. ఏడు మాత్రల నడకకు మాత్రం ఐదు వంతులు పెట్టుకుంటాను.

వంతులకు బదులు లోర్యాండ్, హైర్యాండ్ అనే విలువలతో యాదృచ్ఛికంగా ఎంచుకునే పద్ధతీ ఉంది. అందులో అదే శబ్దం వెంటనే రెండుసార్లు రావచ్చు. వేగంగా వాయించే చోట అది దొరికిపోతుంది. నా ఓటు వంతులకే.

అసలు కష్టం రికార్డింగులో ఉంది. డప్పును మంటకు కాచి రికార్డు చేయడం మొదలుపెడితే, చర్మం చల్లారుతున్నకొద్దీ శ్రుతి దిగిపోతుంది. మొదటి దెబ్బ కంగుమంటుంది, ఏడోది మెత్తబడుతుంది. వాటిని అదే క్రమంలో పెడితే దరువు మెట్లు దిగి, ఒక్కసారిగా పైకెగిరినట్టు వినిపిస్తుంది. ఫైలులో శ్రుతిని మార్చే ట్యూన్ విలువతో సరిచేయాలని చూశాను. శ్రుతి కుదిరింది కానీ చర్మం బిగువు రాలేదు. ఇప్పుడు ప్రతి ఏడు దెబ్బలకూ మళ్లీ కాచి, కాచిన వెంటనే ఆ ఏడూ ముగిస్తాను. లావు కర్ర అయిన చిర్ర దెబ్బలను, సన్నటి సిటికెన పుల్ల దెబ్బలను వేరువేరుగా తీస్తాను, రెండింటి వంతులూ విడివిడిగానే నడుస్తాయి.

ఫైళ్ల బరువు గురించి భయం అక్కర్లేదు. నాలుగు రకాల దెబ్బలు, ఒక్కోదానికి మూడు బలాలు, ఒక్కో బలానికి ఏడు వంతులు, మొత్తం 84 ఫైళ్లు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనోలో ఒక్కోటి ఒకటిన్నర సెకను అనుకుంటే 18 మెగాబైట్లు మాత్రమే.

నాకు మిగిలిన అసంతృప్తి ఒక్కటే. పాటను మొదటి నుంచి మళ్లీ మోగిస్తే నా ప్లేయర్ వంతుల లెక్కను ఒకటికి తేదు, ఆగిన చోటి నుంచే సాగిస్తుంది. అందుకే తుది మిక్స్‌కు ముందు వాయిద్యాన్ని మళ్లీ లోడ్ చేసి, డప్పు ట్రాకును ఆడియోగా మార్చి పెట్టుకుంటాను.